మురిగిపోయే మైల్స్ మా పిల్లలకు టికెట్లుగా ఇవ్వండి: విమాన సంస్థలకు పాలమూరు నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన
విమాన సంస్థల మైలేజీ పథకాల అధికారులకు,
కేంద్ర పౌర విమానయాన శాఖ, విమాన సంస్థలను నియంత్రించే డీజీసీఏ అధికారులకు,
ఆటా, తానా, టీటీఏ వంటి అమెరికా తెలుగు సంఘాల పెద్దలకు,
దేశం దాటి వెళ్లిన పాలమూరు, నల్లగొండ బిడ్డలకు

విషయం: ప్రయాణికులు దానంగా ఇవ్వదలచిన మైల్స్ (విమానం ఎక్కినందుకు ఖాతాలో పడే పాయింట్లు) ఇక్కడి పేద రోగులకు, ఇంటికి రాలేక చిక్కుకున్న వలస కూలీలకు టికెట్లుగా చేరే దారి తెరవడం గురించి.

నమస్కారం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. జడ్చర్లలో ఉంటాను. నాలాగే రిటైరైనవాళ్లం పదకొండు మందిమి కలిసి ఒక చిన్న ట్రస్టు నడుపుతున్నాం. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట, వనపర్తి, గద్వాల నుంచి, ఇటు దేవరకొండ వైపు నుంచి పెద్ద జబ్బులతో వేలూరు, ముంబయి పోవాల్సినవాళ్లు మా దగ్గరికి వస్తారు. వాళ్లకు కాగితాలు రాసిపెడతాం, టికెట్లు తీసిస్తాం, అక్కడ ఎవరిని కలవాలో చెప్పి పంపుతాం. మేం చేసేది అంతే.

ఈ లేఖ కంటే ముందు ఒక విమాన సంస్థకు మూడుసార్లు రాశాను. మొదటిది సంక్రాంతికి ముందు, రెండోది ఉగాది తర్వాత, మూడోది బోనాల నెలలో. మూడింటికీ ఒకటే జవాబు, అదీ కంప్యూటర్ దానంతటదే పంపింది. మీ మెయిల్ అందింది, ఏడు పనిదినాల్లో మాట్లాడతాం అని. ఎవరూ మాట్లాడలేదు. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క సంస్థ జవాబిస్తే తీరిపోయే సంగతి కాదని ఈలోపు నాకు అర్థమైంది. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

జరిగింది చెబుతాను.

మిడ్జిల్ వైపు ఒక తండా పాప. ఎనిమిదేళ్లు. బ్లడ్ క్యాన్సర్. వేలూరులో బోన్‌మ్యారో మార్పిడి చేశారు, మజ్జ ఇచ్చింది వాళ్ల అన్నే, పన్నెండేళ్ల పిల్లాడు. సీఎం రిలీఫ్ ఫండ్, దాతలు, అమ్ముకున్న ఎకరంన్నర కలిసి చికిత్స గట్టెక్కింది. డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టర్లు గట్టిగా చెప్పిన మాట ఒకటే. ఏడాది పాటు ఈ పిల్లను గుంపుల్లో తిప్పొద్దు, దగ్గేవాళ్ల పక్కన కూర్చోబెట్టొద్దు, నెలనెలా చూపించడం మాత్రం మానొద్దు. మార్పిడి అయిన పిల్లలకు రోగనిరోధక శక్తి మళ్లీ మొదటి నుంచి తయారు కావాలి. పుట్టినప్పుడు వేసిన టీకాలు కూడా తిరిగి వేయాల్సి వస్తుంది. అంటే ఎనిమిదేళ్ల పిల్ల ఒంట్లో పసిగుడ్డుకు ఉన్నంత రక్షణ కూడా ఉండదు.

గుంపులో తిప్పకుండా నెలనెలా వేలూరు ఎట్లా పోవాలి? రాత్రి మహబూబ్‌నగర్‌లో వెంకటాద్రి ఎక్కితే తెల్లారి చిత్తూరు. అక్కడ బస్సు పట్టుకుంటే వేలూరు. అదే శంషాబాద్ నుంచి విమానంలో అయితే తిరుపతికి గానీ చెన్నైకి గానీ గంట, గంటంపావు. ఆ తర్వాత కారులో రెండు మూడు గంటలు. పొద్దున బయలుదేరిన పిల్ల మధ్యాహ్నానికి ఆసుపత్రిలో ఉంటుంది.

నా కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఉద్యోగం పనిమీద వారం విడిచి వారం విమానం ఎక్కుతాడు. పాప సంగతి ఫోన్లో చెబితే, "అమ్మా, నా అకౌంట్లో లక్షా నలభై వేల మైల్స్ ఊరికే పడి ఉన్నాయి, వాటితో టికెట్లు తీద్దాం" అన్నాడు. నిజం చెప్పాలంటే మైల్స్ అంటే ఏమిటో నాకు అప్పటిదాకా సరిగా తెలియదు. ఎంత తిరిగితే అన్ని పాయింట్లు పడతాయని, వాటితో మళ్లీ టికెట్ కొనుక్కోవచ్చని వాడే చెప్పాడు. హైదరాబాద్ నుంచి చెన్నైకి ఒక టికెట్‌కు ఎనిమిది వేల మైల్స్ చూపించింది. తల్లీబిడ్డలకు రానూపోనూ ముప్పై రెండు వేలు. అంటే వాడి ఖాతాలో ఉన్నవాటితో నాలుగు నెలల ప్రయాణాలు గడిచిపోతాయి. ఆ రాత్రి నేను సంతోషంతో నిద్రపోలేదు.

ముందు మా ట్రస్టుకే దానం చేద్దామని చూశాడు. ఆ విమాన సంస్థ దానాల జాబితాలో ఉన్నవన్నీ పెద్ద పెద్ద సేవాసంస్థలే, తెలంగాణలో పనిచేసేది ఒక్కటీ లేదు. ఇక తన మైల్స్‌తో తనే పాప పేరు మీద, తల్లి పేరు మీద టికెట్లు బుక్ చేశాడు. పన్నులు కార్డు మీద కట్టాడు. ఎల్లుండి ప్రయాణం అనగా ఖాతా ఆపేశారు. ఇంటిపేరు కలవని ఇద్దరికి టికెట్లు తీశారు కాబట్టి మైల్స్ అమ్ముకుంటున్నారేమోనని అనుమానమట. వాడు మూడు గంటలు ఫోన్లో ఉన్నాడు. ఆసుపత్రి చీటీ పంపిస్తానన్నాడు. సంబంధిత విభాగం పరిశీలిస్తుంది అన్నారు. టికెట్లు రద్దయ్యాయి.

అపాయింట్‌మెంట్ పోతే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో అని తల్లి రైలుకే బయలుదేరింది. స్టేషన్‌కు నేనే వెళ్లాను. స్లీపర్‌లో ఆర్‌ఏసీ దొరికింది, పక్క సీటు ఒక్కటే, అదీ బాత్రూం తలుపును ఆనుకుని. ఆసుపత్రి ఫైలు తడవకుండా యూరియా సంచిలో చుట్టి ఆమె ఒళ్లో పెట్టుకుంది. పాపకు రెండు మాస్కులు వేశాం. తలుపు తీసినప్పుడల్లా వాసన వచ్చి ఆ పిల్ల మొహం తల్లి కొంగులో దాచుకుంటోంది. ఎదురు బెర్తులో ఒకాయన దగ్గుతూనే ఉన్నాడు. సీటు మారతారా అని అడిగాను గానీ బోగీ నిండుగా ఉంది, ఎక్కడికి మారతారు? రైలు కదిలేటప్పుడు ఆ తల్లి కిటికీలోంచి, "ఏం గాదులే మేడం, మాకు అలవాటే" అంది. పిల్లకు అలవాటు లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

చిత్తూరులో దిగేసరికి ఒళ్లు కాలిపోతోంది. వేలూరులో పంతొమ్మిది రోజులు అడ్మిట్ చేశారు. పిల్ల బతికింది. జ్వరం రైల్లోనే అంటిందని డాక్టర్లు అనలేదు, నేనూ అనను. కానీ ముప్పై ఒక్క ఏళ్లు వార్డుల్లో తిరిగిన దాన్ని. తెల్ల రక్తకణాలు తక్కువున్న పిల్లను అట్లాంటి చోట రాత్రంతా కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పంతొమ్మిది రోజుల బిల్లు కట్టడానికి వాళ్లు చేసిన అప్పు ఇంకా తీరలేదు. నా కొడుకు మైల్స్ ఇంకా ఖాతాలోనే ఉన్నాయి.

అయ్యా, మైల్స్ దానం అనేది నేను కొత్తగా అడుగుతున్న వింత కాదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన మైలేజీ పథకాన్ని 1981 మే 1న మొదలుపెట్టింది. అప్పటి నుంచి ప్రపంచంలోని పెద్ద సంస్థల్లో చాలావరకు ఆ దారి పట్టాయి. దానం ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంది. ఎమిరేట్స్ ప్రయాణికులు తమ స్కైవార్డ్స్ మైల్స్‌ను ఆ సంస్థ ఫౌండేషన్‌కు ఇవ్వొచ్చు. లుఫ్తాన్సా మైల్స్‌ను హెల్ప్ అలయన్స్‌కు ఇవ్వొచ్చు. అమెరికాలో జబ్బుపడ్డ పిల్లల కోరికలు తీర్చే మేక్ ఎ విష్ సంస్థ చాలా ప్రయాణాలకు దాతల మైల్స్ మీదే ఆధారపడుతుంది, ఒకసారి దానికి ఇచ్చిన మైల్స్‌కు గడువు తీరడం ఉండదు. గాయపడిన సైనికుల మంచం పక్కన కుటుంబం ఉండాలని హీరో మైల్స్ అనే ఏర్పాటు నడుస్తోంది. ఇక శరణార్థుల కోసం పనిచేసే మైల్స్4మైగ్రెంట్స్‌లో దాత తన మైల్స్‌తో తానే ఆ మనిషి పేరు మీద టికెట్ తీస్తాడు. నా కొడుకు చేసింది సరిగ్గా అదే పని. అక్కడ అది సేవ, మా దగ్గరికొచ్చేసరికి అనుమానం అయింది.

మీ ఇబ్బంది నాకు తెలియక కాదు. మైల్స్ కొని అమ్మే దళారులున్నారు, దొంగిలించిన ఖాతాలతో టికెట్లు తీసేవాళ్లున్నారు. జాగ్రత్త ఉండాల్సిందే. కానీ ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద డాక్టరు సంతకం చేసిన చీటీ చూడటానికి కూడా ఒక మనిషి లేకపోవడాన్ని జాగ్రత్త అనలేం.

దీనివల్ల ఇక్కడ మామూలు జనానికి ఏం జరుగుతోందో చెబుతాను.

1. చికిత్స సగంలో ఆగిపోతోంది. ఇది అన్నిటికంటే పెద్దది, అందుకే ముందు చెబుతున్నాను. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మంచి పని. కానీ అది చికిత్సకు. విమానం టికెట్ దాంట్లో లేదు. ఆపరేషన్ అయిపోయాక ఆరు నెలలు, ఏడాది తిరగాల్సిన తిరుగుడే కుటుంబాల నడుం విరుస్తుంది. ఒకసారి వేలూరు పోయి వస్తే తల్లికి వారం కూలి పోతుంది, తండ్రి పుణె సైట్లో ఉంటే అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రీ ఊరుకోడు. మూడోసారికి అప్పు పుట్టదు. నాలుగోసారి, "పిల్ల మంచిగనే ఉంది గదా మేడం" అంటారు. ఫాలోఅప్ మానేస్తారు. జబ్బు తిరగబెట్టి మళ్లీ వచ్చేసరికి డాక్టర్ల చేతిలో ఏమీ ఉండదు. అట్లా మూడేళ్లలో మా కళ్ల ముందే నలుగురు పోయారు. నలుగురూ ఆపరేషన్ నెగ్గినవాళ్లే.

2. రైల్వే చేయగలిగింది మీరు చేయడం లేదన్న బాధ. క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రైల్వే టికెట్ ధర పూర్తిగా మాఫీ చేస్తుంది. తోడు వెళ్లే ఒకరికి కూడా పెద్ద రాయితీ ఉంది. దానికి కావాల్సింది ఆసుపత్రి ఇచ్చే ఒక్క ఫారం. కౌంటర్లో గుమస్తా దాన్ని చూసి రెండు నిమిషాల్లో టికెట్ ఇస్తాడు. ఒక్క కాగితంతో అంత పెద్ద రైల్వే నమ్మగలిగినప్పుడు, దాత తన మైల్స్ తానే ఇస్తానంటుంటే, మీ జేబులోంచి పైసా అడగనప్పుడు, మీకు నమ్మకం ఎందుకు కుదరదు?

3. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్లు. గల్ఫ్ వలస అంటే కరీంనగర్, నిజామాబాద్ అనే అనుకుంటారు. మా నారాయణపేట, కల్వకుర్తి, దేవరకొండ పక్క నుంచీ పోయినవాళ్లు ఉన్నారు. యూఏఈ 2024లో సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 దాకా ఆమ్నెస్టీ ఇచ్చింది. వీసా గడువు దాటి ఉండిపోయినవాళ్లకు జరిమానా మాఫీ. పాస్‌పోర్టు లేనివాళ్లకు మన రాయబార కార్యాలయం వాళ్లు ఔట్‌పాస్ (ఇంటికి రావడానికి పనికొచ్చే కాగితం) ఇచ్చారు. అన్నీ అయ్యాక మిగిలేది టికెట్, అది మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. జీతం లేక, ఒక రూములో పది మంది సర్దుకుని ఉన్న మనిషి టికెట్ ఎక్కడి నుంచి తెస్తాడు? ఔట్‌పాస్ చేతిలో పెట్టుకుని టికెట్ కోసం ఊళ్లో భార్యకు ఫోన్ చేసినవాళ్లను, ఆమె పుస్తెలు కుదువ పెట్టి డబ్బు పంపడాన్ని నేను చూశాను. అదే దారిలో, అదే విమానాల్లో ప్రతి వారం తిరిగే మన సాఫ్ట్‌వేర్ పిల్లల ఖాతాల్లో మైల్స్ గడువు తీరి పోతున్నాయి.

4. ఇచ్చేవాళ్ల చెయ్యి వెనక్కిపోతోంది. నా కొడుకు స్నేహితులు, మా ట్రస్టు తెలిసినవాళ్లు కలిపి ఇరవై ఆరు మంది మైల్స్ ఇస్తామన్నారు. ఖాతా ఆపేసిన కథ విన్నాక తొమ్మిది మంది మిగిలారు. వాళ్లను తప్పుపట్టను. తమ సొంత ఖాతా పోతుందంటే ఎవరికైనా భయమే.

ఇంకో మాట కూడా అనాలి. ప్రయాణికుడు వాడని మైల్స్ మీ లెక్కల్లో అప్పుగా ఉంటాయి. వాడకుండా పోతాయని అంచనా వేసినవి, గడువు తీరినవి ఆదాయంలో కలుస్తాయి. బ్యాంకులు క్రెడిట్ కార్డుల కోసం మీ దగ్గర మైల్స్ డబ్బు పెట్టి కొంటున్నాయి కూడా. అంటే మైల్స్‌కు విలువ ఉందని మీకు తెలుసు. సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎమిరేట్స్ వంటి చోట్ల మూడేళ్లకు గడువు. డెల్టా 2011లో, యునైటెడ్ 2019లో గడువే తీసేశాయి. తీసేసిన సంస్థలూ నడుస్తూనే ఉన్నాయి. గడువు పూర్తిగా తీసేయమని నేను అడగడం లేదు. గడువు తీరే ముందు, "వీటిని ఒక రోగికి ఇస్తారా?" అని ఒక్క మెసేజ్ పంపమంటున్నాను. మీ ఆఫర్ల మెసేజ్‌లు రోజూ వస్తూనే ఉంటాయి కదా, వాటిలో ఇదొకటి.

ఇక మా కోరికలు. ముందు విమాన సంస్థలకు.

5. చిన్న ట్రస్టులను కూడా దానం జాబితాలో చేర్చండి. మేం నమ్మదగ్గవాళ్లమా కాదా అని చూసుకోవడానికి స్వచ్ఛంద సంస్థలకు నీతి ఆయోగ్ ఇచ్చే దర్పణ్ ఐడీ ఉంది, పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ కాగితాలున్నాయి, ఆడిట్ లెక్కలున్నాయి. చూసుకోండి, జిల్లాకు ఒక్క ట్రస్టు చొప్పున అయినా చేర్చండి.

6. అది కుదరకపోతే, దాత తానే రోగి పేరు మీద టికెట్ తీసే వీలు ఇవ్వండి. కొన్ని పథకాల్లో మైల్స్‌తో ఎవరికి టికెట్ తీయొచ్చో ఆ నామినీల జాబితా ఐదుగురికే పరిమితం, ఆ నిబంధనను ఆసుపత్రి చీటీ ఉన్న రోగికి, తోడు వెళ్లే ఒకరికి సడలించండి. టికెట్ వేరేవాళ్లకు మార్చడానికి వీలు లేకుండా పెట్టండి, రద్దయితే మైల్స్ దాత ఖాతాకే తిరిగి వెళ్లేలా పెట్టండి. అప్పుడు దళారికి అందులో మిగిలేదేమీ ఉండదు. అనుమానం వస్తే టికెట్ రద్దు చేసే ముందు ఆసుపత్రిలోని మెడికల్ సోషల్ వర్కర్‌కు ఒక ఫోన్ చేయండి. పెద్ద ఆసుపత్రుల్లో చాలావాటిలో ఆ మనిషి ఉంటారు.

7. మైల్స్ బదిలీకి తీసుకునే ఫీజు దానం విషయంలో వద్దు. మైల్స్‌తో తీసిన టికెట్ మీద కూడా పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు డబ్బుగా కట్టాలి. ప్రభుత్వానికి, విమానాశ్రయానికి పోయేది మేం చందా వేసుకుని కడతాం. మీరు మీ కోసం వేసుకునే సర్‌ఛార్జీ మాత్రం రోగుల దగ్గర మానండి.

8. తోడు లేని రోగికి, ఆక్సిజన్ కావాల్సిన రోగికి మీరు అడిగే మెడికల్ ఫారం తెలుగులో, హిందీలో కూడా పెట్టండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు సంతకం చేస్తే చాలనండి. ఆ ఒక్క ఫారం నింపించడానికి మేం హైదరాబాద్ రెండుసార్లు తిరిగిన సందర్భాలున్నాయి.

9. ఏడాదికోసారి లెక్క చెప్పండి. ఎన్ని మైల్స్ దానంగా వచ్చాయి, ఎన్ని టికెట్లయ్యాయి, ఎంతమంది ప్రయాణించారు. ప్రయాణికులు ఇచ్చిన మైల్స్‌ను మీ సంస్థ సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) ఖర్చు కింద చూపించుకోవద్దు. కంపెనీల చట్టం ప్రకారం లాభంలో పెట్టాల్సిన 2 శాతం మీది, ఈ మైల్స్ దాతలవి.

కేంద్ర ప్రభుత్వానికి రెండే అడుగుతున్నాను.

10. చిన్న ఊళ్లకు తక్కువ ధరలో విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలుపెట్టినప్పుడు హవాయి చెప్పులు వేసుకునేవాళ్లు కూడా విమానం ఎక్కాలని ప్రధాని అన్నారు. మా జిల్లాలో విమానాశ్రయం కావాలని ఇప్పుడు అడగడం లేదు. శంషాబాద్‌కు గంటన్నరలో చేరుకోగలం. మైలేజీ పథకం నడిపే ప్రతి సంస్థా రోగుల కోసం దానం ఏర్పాటు పెట్టాలని, ఫిర్యాదుకు ముప్పై రోజుల్లో ఒక మనిషి జవాబు ఇవ్వాలని డీజీసీఏ ద్వారా చెప్పించండి.

11. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) సంగతి తేల్చండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువు మా ట్రస్టుకు డబ్బు పంపాలంటే మాకు ఆ రిజిస్ట్రేషన్ ఉండాలి, మాలాంటి చిన్నవాళ్లకు అది లేదు. అందుకే మైల్స్ మాకు ఇంత ముఖ్యం. మా చేతికి రూపాయి రాదు, టికెట్ నేరుగా రోగి పేరు మీద వస్తుంది. ఇలాంటి టికెట్ విషయంలో ట్రస్టుకు ఏ చిక్కూ రాదని హోం శాఖ రాతపూర్వకంగా ఒక్క మాట చెబితే టెన్షన్ లేకుండా పని చేసుకుంటాం.

చివరగా మనవాళ్లకు. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పక్క అమెరికాలో మనిషి లేని ఇల్లు తక్కువ అనిపించే ఊళ్లున్నాయి. పాలమూరు పిల్లలూ ఇప్పుడు బాగానే వెళ్లారు. ఒకప్పుడు ఈ జిల్లా అంటే బొంబాయి బస్సెక్కే లేబర్ అనే పేరు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా పాలమూరు కూలీ తట్ట మోశాడు. ఆ తట్ట మోసినవాళ్ల మనవలు ఈరోజు అట్లాంటిక్ మీద నిద్రపోతూ వెళ్తున్నారు. మాకు గర్వంగా ఉంది. మీరు ఊరికి బడి కట్టించారు, గుడి బాగు చేయించారు, వాటర్ ప్లాంట్ పెట్టించారు. మైల్స్ కూడా ఇవ్వొచ్చని చాలామందికి తట్టనే లేదు.

12. మీ ఖాతా ఒకసారి తెరిచి ఎన్ని ఉన్నాయో, ఎప్పుడు గడువు తీరుతుందో చూసుకోండి. కొన్ని పథకాల్లో మనిషి చనిపోతే మైల్స్ కూడా పోతాయి, ఇంట్లోవాళ్లకు రావు. అమ్మానాన్నల ఖాతాలు కూడా చూడండి, మిమ్మల్ని చూడటానికి వచ్చినప్పుడు వాళ్ల పేరు మీద పడ్డవి అట్లాగే ఉండిపోతాయి.

13. పన్ను మినహాయింపు వస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. రాదు. మన దగ్గర 80జీ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే వర్తిస్తుంది. అమెరికాలో కూడా మామూలుగా మైల్స్ దానానికి మినహాయింపు ఉండదు. ముందే చెప్పడం మంచిదని చెబుతున్నాను. రసీదు ఇవ్వలేం. పాప ఆసుపత్రికి చేరిందని ఫోన్ మాత్రం చేయిస్తాం.

14. సంఘాల పెద్దలకు: మీ మహాసభలకు వేల మంది వస్తారు. ఈసారి ఒక్క బల్ల మైల్స్ కోసం వేయండి. ఎవరు ఎన్ని ఇస్తారో రాసుకోండి. విమాన సంస్థతో మాట్లాడేటప్పుడు నాలాంటి రిటైర్డ్ నర్సు రాసిన మెయిల్ కంటే, ఇంతమంది ప్రయాణికులు సంతకాలు చేసిన కాగితం బరువుగా ఉంటుంది. ఆ కాగితం తయారు చేసిపెట్టండి.

ప్రస్తుతం మా నోటు పుస్తకంలో పద్నాలుగు పేర్లున్నాయి. ఆరుగురు పిల్లలు. ఇద్దరికి కిడ్నీ మార్పిడి అయింది. ఒకతను సౌదీలో ఔట్‌పాస్ కోసం ఎదురుచూస్తున్నాడు, వాళ్లమ్మకు మంచంలోంచి లేచే ఓపిక లేదు. తండా పాప తర్వాతి చెకప్ దసరా దాటిన సోమవారం. ఆ ఒక్క ప్రయాణానికి మేం చందాలు వేసుకుని విమానం టికెట్లు కొన్నాం. దీపావళి తర్వాతి చెకప్‌కు ఇంకా కొనలేదు.

ఈ లేఖ ప్రతులను ఆ విమాన సంస్థకు నాలుగోసారి, పౌర విమానయాన శాఖకు, డీజీసీఏకు, మా జిల్లా కలెక్టరు గారికి, మా ఎంపీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ముప్పై రోజుల్లోగా ఒక మనిషి సంతకం పెట్టిన జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
జడ్చర్ల, మహబూబ్‌నగర్ జిల్లా